అబ్బులు మావయ్య ఊపిరి

నిశ్చితార్థం భోజనాల్లో పనసపొట్టు కూర రెండోసారి వడ్డిస్తుండగా అబ్బులు మావయ్య ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. ఎడంచేత్తో డొక్క పట్టుకున్నాడు. ఒక పెద్ద ఊపిరి తీశాడు. అది చాలనట్టు ఇంకోటి తీశాడు.

"మూడో ఏరేటర్ ఆగింది," అన్నాడు.

పక్క విస్తరి ముందు కూర్చున్న పెళ్లికొడుకు తరఫు పెద్దాయన కంగారుపడ్డాడు. "ఎవరికండీ? ఏ ఆస్పత్రిలో ఉన్నారండీ?"

"మనిషికి కాదండీ బాబూ. చెరువుకి."

మావయ్య రొయ్యల చెరువు అక్కడికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, ఉప్పుటేరు పక్కన ఉంది. మావయ్య ఫోన్ మోగలేదు. ఎవరూ వచ్చి చెవిలో ఏమీ చెప్పలేదు. ఎదురు వరసలో కూర్చున్న అక్క కూతురు ప్రవల్లిక మాత్రం పెరుగన్నం సగంలో వదిలేసి, ఎడంచేత్తో ఫోన్ తీసి చూసింది. నీళ్లలో ఆక్సిజన్ అంకె నిజంగానే దిగుతోంది. చెరువు కాపలా చూసే ఏసుపాదానికి ఫోన్ చేసింది. అతను పరుగెత్తి చూస్తే, నీళ్లు చిలికి గాలి కలిపే మూడో ఏరేటర్ చక్రానికి పాచి చుట్టుకుని ఉంది.

కాసేపటికి మావయ్య మొహం తేటపడింది. "ఆ, తిరిగింది. ఆ బూరెలు ఇలా పట్రండర్రా," అన్నాడు. తిరిగిందని చెప్పడానికి ఏసుపాదం ఫోన్ ఆ తర్వాత వచ్చింది.

మావయ్య భార్య తాయారత్త ఆడవాళ్ల పంక్తిలోంచి నుదురు కొట్టుకుంది. ప్రవల్లికకి మాత్రం డిగ్రీ పట్టా అక్కడే, ఆ విస్తరి పక్కనే చేతికిచ్చినంత సంతోషమైంది.

ఆమె చదువు ఏమిటో చుట్టాలకి చెప్పడం ఓ పెద్ద పని. ఎమ్‌టెక్కా అంటే కాదు. ఎంబీఏనా అంటే అదీ కాదు. మరి పెళ్లెప్పుడు అని మూడో ప్రశ్న వచ్చేస్తుంది. నాలుగేళ్లు పంపుల కంపెనీలో ఉద్యోగం చేసి, అది వదిలేసి విశాఖలో చేరిన ఆ కోర్సుని ప్రొఫెషనల్ మాస్టర్స్ అంటారు. ఉదయం పూట ఇంజనీరింగ్, మధ్యాహ్నం పూట వ్యాపారం. థీసిస్ రాయక్కర్లేదు. దానికి బదులు ఒక వస్తువు తయారుచేయాలి, దాన్ని నిజంగా వాడే మనిషిని వెతుక్కోవాలి, ఆఖరి రోజున పెట్టుబడిదారుల ముందు ఆ మనిషిని వేదిక ఎక్కించి మాట్లాడించాలి. తల్లో నరాలు తెగేలా లెక్కలు చేయడం దానికంటే సుఖమని క్లాసులో అందరూ ఒప్పుకున్నారు.

కోర్సు నడిపే అరుంధతి మేడమ్ ఒకప్పుడు రెండు కంపెనీలు పెట్టారు. ఒకటి బాగా నడిచింది, ఒకటి మూతబడింది. ఆవిడ ఎప్పుడు మాట్లాడినా మూతబడిన దాని గురించే. "మీ వస్తువు ఎంత గొప్పదో నాకు చెప్పకండి. అది వెళ్లాక ఆ ఇంట్లో ఏం మారిందో చెప్పండి," అనేవారు. అందుకని వస్తువు చేసేముందు వంద మందిని కలిసి ప్రశ్నలడగాలని ఆవిడ నియమం పెట్టారు.

ప్రవల్లిక ముప్పై రెండు ప్రశ్నల కాగితం పట్టుకుని వంద మంది రొయ్యల రైతుల్ని కలిసింది. వంద మందీ ఒకటే చెప్పారు. నిద్ర లేదమ్మా అన్నారు. కరెంటు పోతే, ఏరేటర్ ఆగితే, మబ్బు పడితే నీళ్లలో ఊపిరి తగ్గిపోతుంది. రొయ్యలు పైకి తేలిపోయాయంటే ఇక చేసేదేమీ ఉండదు. అబ్బులు మావయ్య ఇరవై ఏళ్లుగా చెరువు గట్టు మీదే మంచం వేసుకుని పడుకుంటున్నాడు. గంటకోసారి లేచి నీళ్ల మీద టార్చి వేస్తాడు. ఇంట్లో పడుకోమంటే గోడలు చూసి భయమేస్తుందంటాడు.

టీమ్‌లో ఆమెతో పాటు ఉన్నది నంద్యాల కుర్రాడు జుబేర్. ఎలక్ట్రానిక్స్ వాడు, మాట తక్కువ. ఇద్దరూ కలిసి తయారుచేసిన దాంట్లో రెండు భాగాలున్నాయి. చెరువు మధ్యలో తేలే డబ్బా ఒకటి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో, రొయ్యలు నెమ్మదిగా తిరుగుతున్నాయో బెదిరి ఎగురుతున్నాయో అది పట్టుకుని పంపుతుంది. రెండోది బనియను లోపల ఛాతీకి కట్టుకునే పట్టీ. దాంట్లో వెంట్రుకంత సన్నటి తీగలుంటాయి. అవి పక్కటెముకల మధ్య నరాల్ని తాకి ఆ కబురు చెబుతాయి. కర్ర పట్టుకుని నడిచే గుడ్డివాడికి కొన్నాళ్లకి కర్ర కొసే వేలికొస అవుతుంది కదా, ఇదీ అంతే. చెరువుకి ఊపిరి చాలకపోతే కట్టుకున్నవాడికి చాలనట్టుంటుంది.

మొదటి వారం మావయ్యకి చక్కిలిగింతలు తప్ప ఏమీ తెలియలేదు. పరామర్శకి వెళ్లిన ఇంట్లో కిసుక్కున నవ్వి చీవాట్లు తిన్నాడు. మూడో వారానికి చక్కిలిగింతలు పోయాయి. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, "ఇవాళ మబ్బుగా ఉంది వాళ్లకి," అన్నాడు. ఎవరికని తాయారత్త అడిగితే రొయ్యలకన్నాడు. అప్పటిదాకా ఆయన రొయ్యల్ని కిలోకి ఇంత కౌంట్ అనేవాడు, సరుకు అనేవాడు. వాళ్లు అనడం అదే మొదలు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆయన ఇంట్లో, తన మంచం మీద, గురక పెట్టి పడుకున్నాడు. "ఆ గురకకి నాకు నిద్ర పట్టట్లేదే వల్లీ," అని అత్త ఫోన్‌లో ఫిర్యాదు చేసింది. అది ఫిర్యాదు కాదని గొంతు చెబుతూనే ఉంది. ప్రవల్లిక ఆ వాక్యాన్ని రిపోర్టులో ఉన్నదున్నట్టు రాసుకుంది. అరుంధతి మేడమ్ దాని కింద ఎర్ర గీత గీసి పక్కన ఒక టిక్కు పెట్టారు.

పంట వేసిన ఎనభై ఎనిమిదో రోజున పక్క చెరువులో తెల్లమచ్చ రోగం కనపడింది. అది నీళ్లలోనూ కాకుల కాళ్లతోనూ పాకుతుంది. ఇంకో వారం పెంచుదామనుకున్న పంటని మర్నాడే పట్టేయాలని మావయ్య నిర్ణయించాడు. సైజు చూసుకోవడానికి కొనే కంపెనీ తాలూకు మనిషి వచ్చాడు. మామూలుగా మావయ్య ఓ మూల, మేత తిన్నాయో లేదో చూసుకునే చెక్ ట్రే ఎత్తి చూపిస్తాడు. ఈ మనిషి తొందరమనిషి. విసురువల తీసుకుని, తేలే డబ్బా పక్కనే గిరగిరా తిప్పి విసిరాడు.

వల నీళ్లలో పడగానే గట్టు మీద నిలబడ్డ మావయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు చేతులూ పక్కటెముకలకి అదుముకున్నాడు. నోరు తెరిచాడు గానీ గాలి లోపలికి పోవడం లేదు.

ఆ రోజు రిపోర్టు పనికని అక్కడే ఉన్న ప్రవల్లిక పరుగెత్తుకొచ్చి బనియను కింద చెయ్యి పెట్టి పట్టీ పీకేసింది. పీకేశాక ఇంకా ఎక్కువైంది. పెదాలు పాలిపోయాయి. ఆమె జుబేర్‌కి ఫోన్ చేసింది. ఫోన్‌లో జుబేర్ అరిచాడు, అతను అరవగా ఆమె ఎప్పుడూ వినలేదు. "తీయొద్దు! మళ్ల కట్టు! ఆయప్ప ఒంటికి ఇప్పుడది సొంత ఊపిరి లెక్క. పట్టీ ఊరకుంటే ఊపిరి ఆగిపోయిందనుకుంటాది!"

కట్టింది. ఐదు నిమిషాలకి చెరువు సద్దుమణిగింది. ఆయనా సద్దుమణిగాడు.

"పట్టీ మానాలంటే కొంచెం కొంచెంగా, పదైదు దినాలు పడుతుంది," అన్నాడు జుబేర్.

"మాకు ఈ ఒక్క రాత్రే ఉంది."

ఫోన్ పెట్టేసి ప్రవల్లిక గట్టు మీద కూర్చుండిపోయింది. పట్టుబడి రోజు, అంటే పంట పట్టే రోజు, ఏమవుతుందో ఆమెకి తెలుసు. తూములు తెరిచి నీళ్లు దించుతారు. నాలుగు గంటల సేపు వలలు లాగుతారు. అడుగు బురదంతా లేస్తుంది, నీళ్లలో ఊపిరి దాదాపు సున్నాకి పడిపోతుంది. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉంది. అయినా ముప్పై రెండు ప్రశ్నల్లో ఒక్కటీ దాని గురించి లేదు. కాలేజీ ట్యాంకులో చేసిన పరీక్షలోనూ అంతే. వారమే పట్టీలు కట్టుకున్న విద్యార్థులు సెమిస్టర్ పరీక్షలొచ్చాయని విప్పేసి వెళ్లిపోయారు, ఆ తర్వాత ట్యాంకులోవి క్యాంటీన్‌లో వేపుడయ్యాయి. ఆ సాయంత్రం ఆ వేపుడు తనూ తింది. ఆ ఊళ్లో పుట్టిన పిల్లకి పట్టుబడి అంటే పండగ. పండగ రోజు నీకేం కష్టమని ఎవరిని అడుగుతారు?

"నాదే తప్పు మావయ్యా," అంది. ఏడుపొచ్చింది.

"ఊరుకోవే. పట్టకుండా వదిలేస్తే రోగమొచ్చి పోతారు. అదీ నాకే తెలుస్తుంది కదా, వారం రోజులు," అన్నాడాయన. "రేపే పట్టేద్దాం. ఇరవై మంది కూలీలకి చెప్పేశాను కూడా."

"నీకేమన్నా అయితే?"

ఆయన చెరువు వైపు చూశాడు, మధ్యాహ్నం మేత వేళైందని లేచాడు.

ఇంటికెళ్లాక తాయారత్త ఆయన్ని మడతమంచం మీద పడుకోబెట్టి, కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి డొక్కలకి రాసింది. చేత్తో రాస్తూ నోటితో తిడుతూనే ఉంది. మేనకోడల్ని, చదువుని, చెరువుని, ఆయన్ని పెళ్లి చేసుకున్న రోజుని. తిట్లు అయిపోయాక ఊరికే పక్కన కూర్చుంది. ప్రవల్లిక గుమ్మంలో నిలబడి చూస్తూ ఒక సంగతి గమనించింది. అత్త ఛాతీ లేస్తే మావయ్య ఛాతీ లేస్తోంది, అత్తది దిగితే ఆయనది దిగుతోంది. డబ్బా పంపే అంకె ఫోన్‌లో ఇంకా వణుకుతూనే ఉంది గానీ ఆయన మాత్రం వణకడం లేదు.

పట్టీకి వచ్చే కబురు చెరువుదే కానక్కర్లేదు. పట్టీకి కావాల్సింది ఒక ఊపిరి. అది ఎవరిదైనా దానికి ఒకటే.

ప్రవల్లిక రమ్మంటే సాయంత్రం రైలుకి జుబేర్ సామాన్లతో దిగాడు. ఊపిరిని కొలిచే తీగని తాయారత్త తన పాత జాకెట్టు మీద తనే కుట్టుకుంది, వీళ్ల కుట్లు రెండు రోజులు కూడా ఆగవని. చెరువునుంచి అత్తకి ఒక్కసారే మారిస్తే మళ్లీ ప్రమాదం. కొంచెం కొంచెంగా మార్చాలి. ప్రవల్లిక ఊళ్లో ఎలక్ట్రికల్ షాపుకెళ్లి ఫ్యాన్ రెగ్యులేటర్ కొనుక్కొచ్చింది. సున్నా మీద ఉంటే మొత్తం చెరువు. ఐదు మీద ఉంటే మొత్తం అత్త.

తెల్లవారేసరికి గట్టు నిండా జనం. ఐసు దిమ్మలు, ప్లాస్టిక్ ట్రేలు, తూకం మిషను, వ్యాను. మావయ్య మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. పక్కన గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో తాయారత్త కూర్చుంది. ఇద్దరి మధ్యా నేల మీద గొంతుక్కూర్చుని ప్రవల్లిక రెగ్యులేటర్ పట్టుకుంది.

"అత్తా, నిదానంగా పీల్చు."

"యాభై ఏళ్లుగా పీలుస్తున్నానే. నా ఊపిరి నన్ను పీల్చుకోనివ్వండర్రా!" అంది అత్త.

తూము తెరిచారు. ఒకటికి తిప్పింది. మావయ్య కళ్లు మూసుకుని, "నీళ్లు దిగుతున్నాయి. మూలకి చేరుతున్నారు," అన్నాడు. మొదటి వల పడింది. ఆయన మంచంకోడు గట్టిగా పట్టుకున్నాడు, నుదుటి మీద చెమట పట్టింది. రెండుకి తిప్పింది. డబ్బా అంకె ఎంత పడితే ఆయన మొహం అంత నలుపెక్కుతోంది. జుబేర్ ఆయన మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతున్నాడు. వెనక్కి తిప్పడానికి లేదు, తొందరగా తిప్పడానికీ లేదు. ప్రవల్లిక వేళ్లు చెమటకి జారుతున్నాయి.

ఇంతలో వ్యాను డ్రైవర్ వెనక్కి తీసుకుంటూ, గట్టు మీద అత్త పెంచుకుంటున్న బంతిమొక్కల మీదుగా చక్రం ఎక్కించాడు. అత్త కుర్చీలోంచి సగం లేచింది. నోరు తెరిచింది. మావయ్య ఊపిరి గతుక్కుమంది. అత్త నోరు మూసుకుని మళ్లీ కూర్చుంది. తాయారత్త ఒక మనిషిని తిట్టకుండా వదిలేయడం చూసి ఏసుపాదం లాగుతున్న వల ఆపేశాడు.

"ఎవరి మీదే అంత కోపం?" అన్నాడు మావయ్య కళ్లు తెరవకుండానే.

"ఎవరి మీదా లేదండీ."

"నాకు తెలుస్తోందిలేవే."

మూడు. నాలుగు. నలుపు తగ్గింది. ఐదుకి తిప్పబోతుంటే, "ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నాడు. "మూల ఇంకా కొంతమంది ఉన్నారు." ప్రవల్లిక ఆగింది. ఆయన మూసిన కళ్ల కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. ఆఖరి వల పైకొచ్చింది. "ఇక తిప్పు," అన్నాడు.

తిప్పింది. చెరువు పోయింది.

కాసేపటికి మావయ్య నొసలు ముడిపడ్డాయి. ఊపిరి లోపలికి వెళ్తూ వెళ్తూ మధ్యలో అడ్డుపడుతోంది, ఆగుతోంది, మళ్లీ వెళ్తోంది. ప్రవల్లిక తీగలు చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"ఇదేంటిది?" అన్నాడు మావయ్య కళ్లు తెరిచి. "ఇది చెరువు కాదు. ఇలా నాకెప్పుడూ లేదు. తాయారూ, ఇది నువ్వా?"

తాయారత్త మొహం అటు తిప్పుకుని చీర చెంగు నోటికి అడ్డంపెట్టుకుంది. ఏడుపు బయటికి రాకుండా పట్టుకుంటే లోపలిది ఆయనకి వెళ్తోంది.

"కరెంటు పోయినప్పుడల్లా నాకిలాగే ఉండేదండీ," అంది చివరికి. "ఇరవై ఏళ్ల నుంచీ. ఇక్కడ మీరు ఒక్కరూ నీళ్లలో దిగారేమో, తీగ తగిలిందేమో అని ఇంట్లో పడుకుని వింటా ఉండేదాన్ని. మీరు గట్టు మీద ఉండేవారు, మీకెలా తెలుస్తుంది?"

మావయ్య మంచం మీంచి చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఇరవై మంది కూలీల ముందు, కంపెనీ మనిషి ముందు. అత్త విదిలించుకోలేదు.

పది రోజులకి విశాఖలో కోర్సు ఆఖరి రోజు, డెమో డే జరిగింది. పట్టీ ఇంకా ఐదు రోజులు కట్టుకోవాలి, ఫ్యాన్ రెగ్యులేటర్ సున్నా మీద చెరువు ఇక లేదు, అది ఇప్పుడు వెనక్కి, ఆయన సొంత ఊపిరి వైపు తిరుగుతోంది. ప్రవల్లిక వేదికెక్కి వస్తువు గురించి చెప్పింది. నిద్ర గురించి చెప్పింది. వ్యాన్ డ్రైవర్ గురించి చెప్పలేదు గానీ పట్టుబడి గురించి ఏదీ దాచకుండా చెప్పింది. పట్టుబడి రోజు ఏమవుతుందన్న, తను అడగని ముప్పై మూడో ప్రశ్నని తెర మీద పెద్ద అక్షరాలతో వేసింది. ముందు వరసలో ఒక పెట్టుబడిదారు లేచి వెళ్లిపోయాడు. ఇంకొకాయన, "ఏముంది, పట్టుబడికి పది రోజుల ముందు విప్పించేస్తే సరిపోతుంది కదా? నేను డబ్బు పెడతాను," అన్నాడు.

నియమం ప్రకారం వాడినవాడు మాట్లాడాలి. ఇస్త్రీ చొక్కాలో అబ్బులు మావయ్య మైకు ముందుకొచ్చాడు. నమస్కారమండీ అన్నాడు. తర్వాత ఆగిపోయాడు. ఒక ఊపిరి తీశాడు. ఇంకోటి తీశాడు. అరుంధతి మేడమ్ కుర్చీలోంచి లేవబోయారు.

ఆయన మూడో వరస వైపు చూశాడు.

"తాయారూ, కంగారు పడకే. బాగానే మాట్లాడతాను. నువ్వలా భయపడితే నాకు ఊపిరాడట్లేదు," అన్నాడు మైకులోనే.

హాలంతా ఘొల్లుమంది. మూడో వరసలో తాయారత్త సిగ్గుతో చచ్చిపోయి, ఒక్క నిట్టూర్పు విడిచింది. వేదిక మీద మావయ్య మొహం తేటపడింది.

"మా అమ్మాయి చేసింది చాలా గొప్పదండీ," అన్నాడు. "కానీ మా రొయ్యల రైతులకి అమ్మొద్దండీ. ఆయన పది రోజుల ముందు విప్పించెయ్యమన్నారు. ఊపిరైతే వదులుతుందేమో. చెరువులో వాళ్లూ నేనూ ఒకటని ఒకసారి తెలిశాక, అది ఏ పట్టీ విప్పితే పోతుందండీ? పట్టక మాకు తప్పదు, అదే మా బతుకు. తెలియకుండా పట్టేవాడికి అదొక పని. తెలిసి పట్టడం," అని ఆగాడు. "ఒక్కసారి నేను పట్టాను. చాలు."

డబ్బు పెడతానన్నాయన తల దించుకున్నాడు. కంపెనీ పుట్టలేదు. పట్టా మాత్రం వచ్చింది. మార్కుల కాగితం మీద అరుంధతి మేడమ్, మూతబడాల్సిన దాన్ని తెరవకముందే మూసినందుకు, అని రాశారు.

తర్వాతి పంటకి ప్రవల్లిక, జుబేర్ మామూలు అలారం చేసిచ్చారు. ఆక్సిజన్ తగ్గితే ఫోన్ మోగుతుంది, అంతే. మోత మరీ గాడిద ఓండ్రలా ఉందని మావయ్య వంక పెట్టాడు గానీ పెట్టించుకున్నాడు. కొత్త సీడ్ వదిలిన సాయంత్రం ఆమె చెరువుకి వెళ్లేసరికి ఆయన గట్టు మీద మంచం వాలుస్తున్నాడు.

"అలారం ఉంది కదా మావయ్యా, ఇంట్లో పడుకోవచ్చు కదా?"

"ఉంటే ఉందిలే. పిల్లలు కొత్తగా వచ్చారు," అన్నాడు. పిల్లలంటే సీడు, రొయ్య పిల్లలు.

వెనకాలే ఏసుపాదం ఇంకో మంచం నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. అతని వెనక దుప్పటి, మరచెంబు పట్టుకుని తాయారత్త. మంచాన్ని ఇక్కడ కాదు అక్కడ, అక్కడ కాదు ఇక్కడ అని నాలుగుసార్లు జరిపించి, చివరికి మావయ్య మంచానికి ఆనించి వేయించింది.

"గురక పెడితే నీళ్లలోకి తోసేస్తాను," అంది ఆయనతో.